పిల్లి నోరు చూశారా?

గూడెం కొత్తవీధి కొండల్లో చాలా ఇళ్ళలో పిల్లి ఉంటుంది. పంట ఇంటికి వస్తుంది. చోళ్ళు, సామలు, వడ్లు, కందులు, రాజ్మా అన్నీ వస్తాయి. వాటి వెనకే ఎలుకలు కూడా వస్తాయి.

ఎలుక తినేది కొంచెమే. పాడు చేసేది ఎక్కువ. గోనె సంచి కొరుకుతుంది. గింజలు నేల మీద పోస్తుంది. వాటి మీద ఉచ్చ పోస్తుంది. ఎలుక ఉచ్చ వల్ల మనుషులకు ఎలుక జ్వరం కూడా రావచ్చు.

ఈ ఎలుకలకు భయం పిల్లి ఒక్కటే. పిల్లి కూలి అడగదు. రాత్రంతా అటక మీద కాపలా కాస్తుంది. కొడవలి మొద్దుబారితే కోత సాగదు కదా! పిల్లికి పళ్ళే కొడవలి. ఆ పళ్ళు పాడైతే దాని పని ఆగిపోతుంది.

కొడవలిని మనం నూరుకుంటాం. మరి పిల్లి పళ్ళు ఎప్పుడైనా చూశామా?

పిల్లికి మనిషికి పాత చుట్టరికం

పిల్లి మనిషి ఇంటికి ఎందుకు వచ్చింది? గింజల కోసం కాదు. గింజల కోసం వచ్చిన ఎలుకల కోసం వచ్చింది. మనుషులు పంటలు పండించి, గింజలు దాచుకోవడం మొదలు పెట్టారు. అప్పుడే పిల్లి అడవి వదిలి ఇళ్ళ దగ్గరకు చేరింది.

సైప్రస్ అనే ఒక దీవి ఉంది. అక్కడ తవ్వకాల్లో ఒక మనిషి సమాధి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. అవి సుమారు 9,500 ఏళ్ళ నాటివి. 2004లో ఈ సంగతి లోకానికి తెలిసింది. అంటే మనిషికి పిల్లికి చుట్టరికం అంత పాతది.

పిల్లికి ఎన్ని పళ్ళు?

పెద్ద మనిషికి 32 పళ్ళు. పెద్ద పిల్లికి 30 పళ్ళు.

ముందు పళ్ళు 12. ఇవి చాలా చిన్నవి. కోరపళ్ళు 4. ఎలుక మెడ పట్టేది వీటితోనే. పక్కన దవడ పళ్ళు 14. ఇవి కత్తెరలాగా పని చేస్తాయి. మాంసాన్ని ముక్కలుగా కోస్తాయి. ఆవు నెమరు వేసినట్లు పిల్లి నమలదు. కోసి మింగుతుంది.

పిల్లి కూనకు మొదట 26 పాలపళ్ళు వస్తాయి. పుట్టిన మూడు నాలుగు వారాలకు ఇవి కనిపిస్తాయి. మూడు నాలుగు నెలల వయసు నుంచి ఊడటం మొదలవుతుంది. ఆరేడు నెలలకు గట్టి పళ్ళు అన్నీ వచ్చేస్తాయి. ఇక అవే చివరి పళ్ళు. ఊడితే మళ్ళీ రావు. మన పిల్లల సంగతి కూడా ఇంతే కదా!

ముసలితనమా? నొప్పా?

ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారనుకుందాం. వాళ్ళ పిల్లికి ఏడేళ్ళు. కొన్నాళ్ళుగా అది ఎలుకల్ని పట్టడం లేదు.

అత్త అంది: "ముసలిదైపోయింది. దీనికి తిండి దండగ. సంతకెళ్ళినప్పుడు దారిలో ఎక్కడో వదిలేద్దాం."

కోడలు అంది: "ముసలితనం కాదేమో అత్తా! నాలుగు రోజులుగా చూస్తన్నాను. కంచం కాడికి వస్తంది. వాసన చూస్తంది. ముద్ద నోట్లో పెట్టుకుని మళ్ళీ కింద పడేస్తంది. ఆకలి లేకపోతే కంచం కాడికే రాదు కదా?"

"అయితే ఏటంటావే?"

"నోరు నొప్పేమో అత్తా!"

పిల్లి మామూలుగానే ఉంది. పిలిస్తే వచ్చింది. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కోడలు పక్క పెదవి కొంచెం పైకెత్తి చూసింది. దవడ పన్ను మీద పచ్చటి గార కట్టి ఉంది. పన్ను మొదట్లో చిగురు ఎర్రగా వాచి ఉంది. నోరు కంపు కొట్టింది.

పిల్లి పని మానలేదు. పని చేయలేకపోయింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

పన్ను నొప్పి వస్తే మనిషి చెబుతాడు. దవడ పట్టుకుని కూర్చుంటాడు. పిల్లి అలా చెప్పదు. అడవిలో నీరసంగా కనిపించిన జంతువును పెద్ద జంతువు పట్టేస్తుంది. అందుకే పిల్లి నొప్పిని దాచుకుంటుంది. ఇంట్లో ఉన్నా ఆ అలవాటు పోలేదు. దాని బాధ మనమే కనిపెట్టాలి.

పాచి నుంచి గార, గార నుంచి జబ్బు

పొద్దున్న లేవగానే మన పళ్ళ మీద జిగురుగా ఉంటుంది. దాన్ని పాచి అంటాం. పందుంపుల్లతో తోమితే పోతుంది. పిల్లి పళ్ళ మీద కూడా ఇలాగే పాచి పడుతుంది. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి.

పాచి తీయకపోతే ఏమవుతుంది? కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. బిందె లోపల సున్నంలాగా తెల్లగా పేరుకుంటుంది కదా, అలాంటిదే ఇది. గార గట్టిపడ్డాక గుడ్డతో తుడిస్తే పోదు.

గార కింద సూక్ష్మజీవులు పెరుగుతాయి. చిగుళ్ళు వాస్తాయి. ముట్టుకుంటే రక్తం వస్తుంది. తర్వాత చిగురు పన్నును వదిలేస్తుంది. పన్ను కింది ఎముక కూడా అరుగుతుంది. పన్ను కదులుతుంది. చివరకు ఊడిపోతుంది.

చిగుళ్ళు వాచినంత వరకే అయితే జబ్బును వెనక్కి తిప్పవచ్చు. ఎముక అరిగాక తిప్పలేం. అందుకే ముందే చూసుకోవాలి.

నాలుగేళ్ళు దాటిన పిల్లుల్లో సగానికి పైగా ఏదో ఒక పంటి జబ్బు ఉంటుందని పశువైద్యులు చెబుతారు. కొన్ని పిల్లులకు పంటి మొదట్లో గుంట పడుతుంది. అది చాలా నొప్పి పెడుతుంది. ఆ గుంట ఎందుకు పడుతుందో శాస్త్రవేత్తలకు కూడా ఇంకా పూర్తిగా తెలియలేదు.

"మా పిల్లి ఎలుకల్ని కొరుకుతుంది. దాని పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయి" అని కొందరు అంటారు. ఇది సగమే నిజం. దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ అనే దీవి ఉంది. అక్కడ మనుషులు పెట్టే తిండి లేకుండా, వేటాడి బతికిన పిల్లుల పుర్రెలను పరీక్షించారు. ఆ వివరాలు 1996లో అచ్చయ్యాయి. వాటి పళ్ళ మీద గార తక్కువే. అయినా చాలా పిల్లుల్లో చిగుళ్ళ జబ్బు గుర్తులు ఉన్నాయి. కాబట్టి వేటాడే పిల్లి నోరు కూడా చూడాలి.

ఎలా కనిపెట్టాలి?

ఈ గుర్తులు చూడండి:

• నోరు బాగా కంపు కొడుతుంది.
• ముద్ద నోట్లోంచి జారి పడుతుంది.
• ఒక పక్కనే కొరుకుతుంది. తల ఒక పక్కకు వంచి తింటుంది.
• గట్టివి వదిలేస్తుంది. మెత్తనివే తింటుంది.
• పంజాతో మూతి మాటిమాటికీ గీసుకుంటుంది.
• ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోదు. జుట్టు ఉండలు కడుతుంది.
• ఎలుక ఎదురుగా వెళ్ళినా పట్టదు.
• పట్టుకుంటే చిరాకు పడుతుంది.

వీటిలో ఒక్కటి ఉన్నా నోరు చూడాలి. ఏమీ లేకపోయినా వారానికి ఒకసారి చూడాలి. సంత రోజును గుర్తు పెట్టుకోండి. సంత నుంచి వచ్చాక, పిల్లి నోరు చూసే రోజు అది.

చిగురు రంగు ఏం చెబుతుంది?

ఆశా కార్యకర్త మీ కంటి రెప్ప కిందికి లాగి చూస్తుంది. పాలిపోయి ఉంటే రక్తం తక్కువ అంటుంది. పిల్లికి చిగుళ్ళు చూసి అలాగే తెలుసుకోవచ్చు.

లేత గులాబీ రంగు ఉంటే మంచిది. కొన్ని పిల్లులకు పుట్టుకతోనే చిగుళ్ళ మీద నల్ల మచ్చలు ఉంటాయి. దానికి భయం లేదు.

పన్ను మొదట్లో ఎర్రటి గీత ఉంటే చిగుళ్ళ జబ్బు మొదలైంది.

చిగుళ్ళు తెల్లగా పాలిపోతే రక్తం తక్కువైంది. పచ్చబడితే కామెర్లు. ఇవి పంటి జబ్బులు కావు. ఒంట్లో పెద్ద జబ్బుకు గుర్తులు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఇంట్లో గానీ పొరుగింట్లో గానీ ఎలుకల మందు పెట్టారా? కొన్ని మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ఆ విషం ఎక్కవచ్చు. అప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం కారవచ్చు. ఇది తోమితే పోయే జబ్బు కాదు. వెంటనే పశువైద్యుడికి చూపాలి. మందు పొట్లం కూడా వెంట తీసుకెళ్ళాలి. ఏ మందో వైద్యుడికి తెలియాలి. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకపోవడమే మంచిది.

ఎలా తుడవాలి?

పిల్లికి పళ్ళు తుడవడం ఒక్క రోజులో అలవాటు కాదు. తొందర పడితే గీరుతుంది, కరుస్తుంది. ఓపికగా నేర్పాలి. కూనగా ఉన్నప్పుడే మొదలు పెడితే సులువు. పాలపళ్ళు ఊడే నెలల్లో మాత్రం చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. అప్పుడు తుడవకుండా చూసి వదిలేయండి.

మొదటి వారం: పిల్లి కడుపు నిండి, నెమ్మదిగా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకోండి. బుగ్గలు నిమరండి. పెదవి మీద వేలు ఆనించండి. అంతే. తర్వాత చిన్న చేప ముక్క పెట్టండి. ఎండు చేప అయితే నీళ్ళలో నానబెట్టి ఉప్పు పోగొట్టాలి.

రెండో వారం: పక్క పెదవి కొంచెం ఎత్తండి. వేలికి శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డ చుట్టుకోండి. కాచి చల్లార్చిన నీళ్ళలో తడపండి. ఒకటి రెండు పళ్ళు మాత్రం తుడవండి.

మూడో వారం నుంచి: రెండు పక్కలా పై పళ్ళు, కింది పళ్ళు తుడవండి. పన్నూ చిగురూ కలిసే చోట బాగా తుడవాలి. పాచి ఎక్కువ పట్టేది అక్కడే. గట్టిగా రుద్దకూడదు.

నోరు తెరవనక్కర లేదు. పళ్ళకు బుగ్గ వైపు తుడిస్తే చాలు. లోపలి వైపు నాలుక కొంత శుభ్రం చేస్తుంది. పై పంటికీ కింది పంటికీ మధ్య వేలు పెట్టకండి.

రోజూ తుడిస్తే చాలా మంచిది. వీలు కాకపోతే వారానికి మూడు సార్లయినా తుడవాలి. ఒక నిమిషం చాలు. పసిపిల్లల మెత్తటి బ్రష్షు కూడా వాడవచ్చు. అది పిల్లికే ఉంచాలి. ఇంట్లో వాళ్ళు వాడకూడదు. పని అయ్యాక గుడ్డను ఉడకబెట్టి ఎండలో ఆరేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చిగుళ్ళు బాగా వాచి ఉంటే తుడవకండి. దానికి నొప్పి పుడుతుంది. మళ్ళీ జన్మలో దగ్గరకు రాదు. ముందు వైద్యం చేయించాలి.

ఇవి చేయకండి

మనుషుల పేస్టు వాడకండి. మనం ఉమ్మేస్తాం. పిల్లి ఉమ్మలేదు, మింగేస్తుంది. అందులోని ఫ్లోరైడు, నురగ దానికి చెరుపు చేస్తాయి.

ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి, పొగాకు వాడకండి.

లవంగ నూనె రాయకండి. మన పంటి నొప్పికి అది పని చేస్తుంది. పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు. అది పిల్లికి విషం.

జ్వరం బిళ్ళ, అంటే పారాసిటమాల్, ఇవ్వకండి. మనకు నొప్పి తగ్గించే ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు. జాలితో ఇచ్చినా చంపినట్లే అవుతుంది.

ఉడికించిన ఎముకలు వేయకండి. అవి పుల్లల్లాగా విరిగి నోట్లో గుచ్చుకుంటాయి.

కదిలే పన్నును దారం కట్టి లాగకండి. గారను మేకుతో, కత్తితో గీకకండి. పన్ను విరిగి వేరు లోపలే ఉండిపోతుంది. చీము పడుతుంది.

వైద్యం ఎక్కడ?

పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే ఆగవద్దు. ఎక్కువ రోజులు తినని పిల్లికి కాలేయం చెడిపోతుంది. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గాలి ఆడే బుట్టలో పెట్టి, మూత కట్టి తీసుకెళ్ళాలి.

గట్టిపడిన గార తీయాలన్నా, పన్ను పీకాలన్నా పిల్లికి మత్తు ఇవ్వాలి. ఆ ఏర్పాటు చిన్న ఆసుపత్రుల్లో ఉండకపోవచ్చు. విశాఖపట్నం లాంటి పెద్ద ఊరు వెళ్ళాల్సి రావచ్చు. కొండ దిగి చింతపల్లి, నర్సీపట్నం మీదుగా అంత దూరం పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు అవుతాయి. ఇంటి దగ్గర వేలికి గుడ్డ చుట్టి తుడవడానికి ఖర్చు లేదు. దూరం ఎక్కువైన వాళ్ళకే ఇంటి జాగ్రత్త ఎక్కువ అవసరం.

పళ్ళు పోయిన పిల్లి బతకదా? బతుకుతుంది. నొప్పి పెట్టే పళ్ళు తీసేశాక చాలా పిల్లులు మునుపటి కంటే బాగా తింటాయి. ముళ్ళు తీసిన చేపను మెత్తగా మెదిపి పెట్టాలి. వట్టి అన్నం, గంజి సరిపోవు. పిల్లికి చేపో, మాంసమో, గుడ్డో ఉండాలి.

చొంగ కారుతుంటే ఆగండి!

ఇది అన్నిటికన్నా ముఖ్యం. జాగ్రత్తగా చదవండి.

పంటి నొప్పి ఉన్న పిల్లికి చొంగ కారుతుంది. రేబిస్ వచ్చిన పిల్లికి కూడా చొంగ కారుతుంది. రేబిస్ అంటే పిచ్చికుక్క జబ్బు. అది కుక్కకే కాదు, పిల్లికి కూడా వస్తుంది. జబ్బు ఉన్న కుక్కో, నక్కో, ముంగిసో కరిస్తే వస్తుంది.

చొంగతో పాటు ఇవి ఉన్నాయేమో దూరం నుంచి చూడండి:

• మచ్చికైన పిల్లి ఉన్నట్టుండి మీద పడుతోందా?
• గొంతు మారిందా?
• తూలుతోందా?
• దవడ వేలాడుతోందా?
• మింగలేకపోతోందా?
• చీకటి మూలల్లో దాక్కుంటోందా?
• కొద్ది నెలల కిందట దాన్ని ఏదైనా కరిచిందా?

ఒక్కటి ఉన్నా దాని నోరు ముట్టుకోకండి. "గొంతులో ముల్లు గుచ్చుకుందేమో" అని వేలు పెట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. వీలైతే గదిలో పెట్టి తలుపు వేయండి. పశువైద్యుడికి కబురు పెట్టండి.

మీ చేతికి కొడవలి గాటో, ముల్లు గీతో ఉందా? ఆ గాయం మానే దాకా ఏ పిల్లి నోరూ ముట్టుకోవద్దు. రేబిస్ క్రిమి చొంగలో ఉంటుంది. తెగిన చర్మం మీద చొంగ పడినా లోపలికి పోతుంది.

పిల్లి కరిస్తే ఏం చేయాలి?

వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ సూది ఉచితం. గాయం నుంచి రక్తం వస్తే వేరే సూది కూడా అవసరం. అది డాక్టరు చెబుతారు. చెప్పిన రోజుల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు.

పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలి. కానీ ఆ పది రోజులు సూదిని ఆపకూడదు.

"చిన్న గాటే కదా" అని ఊరుకోకండి. పిల్లి పన్ను సూదిలాగా సన్నగా ఉంటుంది. గాయం పైకి చిన్నది, లోపలికి లోతు. రేబిస్ లేకపోయినా చీము పడుతుంది.

రేబిస్ గుర్తులు మనిషిలో బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. ముందే సూది వేయించుకుంటే ప్రాణానికి భయం లేదు. 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బుకు టీకా కనిపెట్టాడు. పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి వేశారు. ఆ పిల్లవాడు బతికాడు. పిల్లికి కూడా రేబిస్ టీకా ఉంది. పశువైద్యుణ్ణి అడిగి వేయించండి.

రాసి పెట్టుకోండి

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీయండి. తేదీ, చిగురు రంగు, గార ఉందా, బాగా తిందా అని రాయండి. వారానికి ఒక వరుస చాలు. పశువైద్యుడికి ఆ కాగితం చూపించండి. పిల్లి నోటితో చెప్పలేనిది మీ కాగితం చెబుతుంది.

ఎవరినైనా పిల్లి కరిస్తే కరిచిన తేదీ, సూదులు వేసిన తేదీలు తప్పకుండా రాయండి. వచ్చే సూది ఏ రోజో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంటి పిల్లి వయసెంత? దాని చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయి?
2. పాచికి, గారకు తేడా ఏమిటి?
3. పిల్లికి పంటి నొప్పి ఉంటే జ్వరం బిళ్ళ ఎందుకు ఇవ్వకూడదు?
4. చొంగ కారే పిల్లిని చూస్తే మీరు మొదట ఏం చేస్తారు?
5. మీ ఊరికి దగ్గరలో రేబిస్ సూది ఎక్కడ వేస్తారు? ఈ వారమే తెలుసుకుని కేంద్రం గోడ మీద రాయండి.